డొల్ల పలికిన బండ

"అమ్మా, లోపలికి రా. ఇంక చాలు" అన్నాడు వరప్రసాదరావు.

పొద్దుట్నించి ఈ మాట అనడం ఇది ఐదోసారి. లారీ షెడ్డులో నులకమంచం మీద కూర్చున్న జీవరత్నమ్మ ఐదోసారి కూడా అదే జవాబు చెప్పింది.

"నేను రాను నాయనా. కావాలంటే నువ్వే రా. మంచం మీద చోటుంది."

నాలుగు రోజులుగా ఇదే వరస. షెడ్డుకి ఎదురుగా జగ్గయ్యపేట మొత్తం చెప్పుకునే రెండంతస్తుల మేడ. గేటుకి నల్లరాతి పలక, పలక మీద సిలువ, సిలువ కింద బంగారు రంగు అక్షరాల్లో 'శిలానిలయం'. ఆ మేడ గలాయన కన్నతల్లి డీజిలు వాసనలో, పాత టైర్ల పక్కన. రోడ్డున పోయే ఆటోవాళ్ళు కూడా స్పీడు తగ్గించి మరీ చూసి పోతున్నారు. వాళ్ళని అనడం దేనికి, నేనైనా తగ్గించేవాణ్ణే.

ఇది అత్తాకోడళ్ళ గొడవ కాదు. పేటలో సగంమంది అలాగే అనుకుంటున్నారు గనక ముందే చెప్పడం మంచిది. కోడలు కమలాకుమారి రోజుకి మూడుసార్లు షెడ్డుకి క్యారేజీ మోస్తోంది పాపం. గొడవంతా ఒక సుత్తి వల్ల వచ్చింది.

మంగళవారం వరప్రసాదరావు క్వారీలో బ్లాస్టింగ్ అయ్యాక మేడమీద హాల్లో తూర్పు గోడ బీటిచ్చింది. జీవరత్నమ్మ తన పాత సుత్తి తీసి గోడ అడుగున, గుమ్మం దగ్గర, మెట్ల కింద కొట్టి కొట్టి చెవి ఆనించి విన్నది. తర్వాత దుప్పటి చంకన పెట్టుకుని బయటికి నడిచింది. "కింద బండ డొల్ల పలుకుతోంది. ఈ ఇంట్లో ఎవరూ ఉండమాకండి" అన్నది.

ఆమె చెవి సామాన్యమైంది కాదు. ఈ క్వారీలోనే ఇరవై రెండేళ్ళు కంకర కొట్టిన మనిషి. అప్పటి మేస్త్రీలు పెద్ద రాయికి బెజ్జం వేసేముందు ఆమెని పిలిచి కొట్టి చూడమనేవాళ్ళు. ఖంగుమంటే గట్టి రాయి, మొద్దుగా పలికితే డొల్ల. ఇరవై రెండేళ్ళలో ఆమె మాట తప్పయిందని ఎవరూ చెప్పగా నేను వినలేదు.

"సాయంత్రం నందిగామ నించి చుట్టాల వ్యాను వస్తది. పాస్టరుగారొస్తారు. వాళ్ళంతా నిన్నిక్కడ చూస్తే నా మొహం ఎక్కడ పెట్టుకోను?" అన్నాడు వరప్రసాదరావు.

"నా పక్కన పెట్టుకో."

"వేళాకోళం కాదమ్మా."

"నేనూ వేళాకోళం ఆడట్లా. ఆ హాల్లో అరవైమందిని కూర్చోబెట్టమాక. నేనడిగేది అదొక్కటే."

గృహప్రతిష్ఠ జరిగిన తేదీన ఏటేటా మేడమీద హాల్లో స్తుతి కూడిక పెట్టడం ఆ ఇంట్లో అలవాటు. ఇవాళ ఐదింటికి ఏడో ఏటి కూడిక. ఆ హాలు నిండా మనుషులు కూర్చుని పాడుతుంటే వరప్రసాదరావుకి కలిగే సంతోషం మాటల్లో చెప్పలేం. అందులో దేవుడి వాటా ఎంత, హాలు వాటా ఎంత అని మాత్రం అడక్కండి.

"ఇంజనీరు చూసే పోయాడు. పైపూత బీటే అన్నాడు."

"ఆయన కళ్ళతో చూశాడు నాయనా. నేను విన్నా."

"మరి నువ్వు చెప్తేనేగా మేస్త్రీ సాంబయ్య బీటకి అడ్డంగా అద్దం ముక్క అతికించాడు. గోడ కదిల్తే అద్దం పగులుద్దన్నావు. మూడు రోజులైంది. పగిలిందా?"

"మూడు రోజులూ తూర్పేపు కొట్టారు. ఇవాళ నాలుక్కి పడమటేపంట. పడమటేపంటే ఏందో నీకు తెలీదా?"

వరప్రసాదరావుకి తెలుసు. పడమటేపంటే ఇంటి వేపు. ఫ్యాక్టరీవాళ్ళకి కావలసిన తెల్లసున్నపురాయి ఇంక ఆ పక్కనే మిగిలింది. నెలాఖరులోగా ఆ రాయి వెళ్ళకపోతే కాంట్రాక్టు వేరేవాళ్ళకి పోతుంది. కాంట్రాక్టు పోతే లారీలు ఈ షెడ్డులోనే తుప్పుపట్టాలి. వరప్రసాదరావు కలిమి మొత్తం ఆ పడమటి గట్టు మీదే నిలబడి ఉంది. దురదృష్టం ఏమిటంటే ఇల్లు కూడా దాని మీదే నిలబడి ఉంది.

తెలివితేటలు లేక చేసిన పని కాదది. భక్తితో చేసిన పని. బుద్ధిమంతుడు బండ మీద ఇల్లు కట్టుకున్నాడని చర్చిలో విన్నాడు. విన్నది విన్నట్టు చేశాడు. ఊళ్ళో మంచి స్థలాలు వదిలి, మట్టి అనేదే లేనిచోట రాతిలోకి పునాది దించాడు. ప్రతిష్ఠ రోజున పాస్టరుగారు ఆ వాక్యమే చెబుతుంటే అందరి ముందూ ఏడ్చాడు. అప్పట్లో క్వారీ ఒక ఫర్లాంగు అవతల ఉండేది. ఇప్పుడు నలభై గజాలు. మధ్యలో ఉన్న బండని లారీలకెత్తించి పంపింది ఎవరో వేరే చెప్పక్కర్లేదు.

"కాఫీ చల్లారిపోతుంది అత్తయ్యా" అంటూ కమలాకుమారి గ్లాసు పట్టుకొచ్చింది.

మొగుడు అక్కణ్ణించి విసురుగా లోపలికి వెళ్ళాడు. అత్తగారు కాఫీ తాగింది. గ్లాసు తీసుకునేటప్పుడు కమలాకుమారి అత్తగారి చెయ్యి కాసేపు వదల్లేదు.

* * *

మేడమీద హాల్లో జంపఖానాలు పరిచి ఉన్నాయి. తూర్పు గోడకి కొత్త క్యాలెండరు. గొర్రెపిల్లని భుజాన వేసుకున్న కాపరి బొమ్మ. కమలాకుమారి వచ్చి దాన్ని మేకు నించి తీసింది. వెనక బీట, బీటకి అడ్డంగా అద్దం ముక్క.

వరప్రసాదరావు ఆమె చేతిలోంచి క్యాలెండరు తీసుకుని మళ్ళీ తగిలించాడు.

ఆమె మళ్ళీ తీసింది.

"కమలా."

"ఇంటాయన దాచుకున్నాడంటే అర్థముంది. దేవుడి బొమ్మ పెట్టి దాచడమేంటండీ? నాకు భయంగా ఉంది."

"నువ్వు కూడా మొదలెట్టావా? ఈ ఇల్లు నీకేమైనా చేదా?"

"చేదైతే ఇంత బాధ దేనికి?" అన్నది కమలాకుమారి. "పన్నెండేళ్ళు రేకులషెడ్డులో పొయ్యి ఊదా. ఆ వంటగది గట్టు, దాని పక్క కిటికీ, నేను దగ్గరుండి పెట్టించుకున్నా. పొద్దున్నే ఆ కిటికీలో ఎండ పడితే నాకు ప్రాణం లేచొస్తది. అయినా చెప్తున్నా. అత్తయ్య చెవి తప్పనుకుని నేను మా అక్కని తీసుకొచ్చి ఇక్కడ కూర్చోబెట్టలేను."

"అయితే వాళ్ళని రావద్దని ఫోన్ చెయ్యి. మావారి మేడ కూలిపోతోందని పేటంతా చాటింపు వెయ్యి."

ఆమె క్యాలెండరు చుట్టి చంకలో పెట్టుకుని మెట్లు దిగింది. వరప్రసాదరావు బీట వంక చూస్తూ ఉండిపోయాడు. అద్దం ముక్క చెక్కు చెదరలేదు. అది చూసి కాస్త ధైర్యం తెచ్చుకున్నాడు.

* * *

మూడున్నరకి సాంబయ్య వచ్చాడు. క్వారీలో పేలుడుమందు పెట్టించే పెద్దమేస్త్రీ అతనే. చిన్నప్పుడు జీవరత్నమ్మ పక్కనే కూర్చుని కంకర కొట్టినవాడు. చేతిలో ఎర్రజెండా ఉంది. షెడ్డు వేపు చూడకుండా వరండా దగ్గరికి పోబోయాడు.

"సాంబయ్యా, ఇటు రా" అన్నది జీవరత్నమ్మ.

వచ్చాడు. అప్పుడే వరప్రసాదరావు కూడా బయటికొచ్చాడు.

"నేను చెప్పింది అబద్ధమా, మా వాడి ముందు చెప్పు."

సాంబయ్య జెండా కర్రని నేలకి ఆనించి దాన్నే చూస్తూ నిలబడ్డాడు. అతని ఇంట్లో నలుగురికి ఆ క్వారీలోనే పని.

"అద్దం పగల్లేదుగా రత్నమ్మక్కా" అన్నాడు చివరికి.

"నేనడిగింది అద్దం సంగతి కాదు."

సాంబయ్య నోరు పెగల్లేదు. కొన్నిసార్లు మనిషి మాట్లాడకపోవడం కన్నా గట్టిగా చెప్పే పద్ధతి ఉండదు. వరప్రసాదరావుకి అది అర్థమైంది. అర్థమైనందుకే కోపమొచ్చింది.

"మందు పెట్టావా?"

"పెట్టామండి. మీరు సరే అంటే నాలుక్కి అంటిస్తాం."

"సరే. కానియ్."

జీవరత్నమ్మ కొడుకు మొహంలోకి ఒకసారి చూసింది. సుత్తి తీసుకుని మంచం దిగింది. నాలుగు రోజులుగా ఎంతమంది బతిమాలినా గడప తొక్కని మనిషి చక్కగా ఆవరణ దాటి, వరండా ఎక్కి, లోపలికి వెళ్ళింది. మోకాళ్ళ నొప్పులతో ఒక్కో మెట్టూ పట్టుకుని పైకి ఎక్కుతుంటే కమలాకుమారి వెనకే పరిగెత్తింది.

"నువ్వు రాకమ్మా. కిందకి పో" అన్నది జీవరత్నమ్మ. ఆ మాటలో ఏముందో కోడలు మెట్ల దగ్గరే ఆగిపోయింది.

కొడుకు పైకి వచ్చేసరికి ఆమె తూర్పు గోడ కింద, సరిగ్గా బీట దగ్గర, జంపఖానా మీద కూర్చుని ఉంది.

"లే అమ్మా."

"నాలుగవనీ."

"నువ్వక్కడుంటే ఎట్టా కొట్టమంటాను?"

"నేను లేకపోతే కొట్టమంటావుగా. సాయంత్రం ఇక్కడ కూర్చునేది కూడా మనుషులే నాయనా. వాళ్ళకన్నా ముందు నేను కూర్చున్నా. అంతే."

బెదిరింపులా అనలేదు. కోపం కూడా లేదు. కొడుకుతో పంతం పట్టి గెలవాలనే ఉద్దేశం ఆమె మొహంలో ఎక్కడా కనిపించలేదు. వరప్రసాదరావు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"అమ్మా, పడమటి రాయి వదిలేస్తే కాంట్రాక్టు పోతది. అది పోతే నాకేం మిగులుద్ది? నువ్వు రాళ్ళు కొట్టిన క్వారీ ఎదురుగానే మేడ కట్టా. నీ కోసమే కట్టా. అది నీకు తెలుసు."

"తెలుసు. నువ్వు కట్టావని రోజూ స్తోత్రం చెప్పుకున్నా. ఆ కిటికీలోంచి చూడు. ఏం కనపడుతోంది?"

"క్వారీ."

"నేను పనికొచ్చిన రోజున అక్కడ కొండుండేది. మూడు తాడిచెట్ల ఎత్తు. పొద్దుగూకేటప్పుడు దాని నీడ రోడ్డు దాకా పడేది. ఆ నీడలోనే నీకు ఉయ్యాల కట్టా. ఇప్పుడా చోట నీళ్ళున్నాయి. దేవుడు పెట్టిన కొండ నాయనా అది. నా ఒక్కదాని బతుకులోనే లేకుండా పోయింది. అందులో నా సుత్తి దెబ్బలు కూడా ఉన్నాయి. కొండే పోతే, మనం పెట్టుకున్న గోడలెంత?"

వరప్రసాదరావు కిటికీ వంక చూస్తూనే ఉన్నాడు.

"వంటింట్లో పిడికెడు బియ్యం డబ్బా ఉందిగా" అన్నది తల్లి. "ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి చర్చికని అందులో వేస్తా. ఇంట్లో ఒక్క గిద్దెడు ఉన్న రోజున కూడా వేశా. నువ్వు ఆకలని ఏడిచావు ఆ రోజున. దేవుడికి బియ్యం లేక వేశాననుకున్నావా? నా చెయ్యి వదలడం మర్చిపోగూడదని వేశా. నీకు అన్నీ ఇచ్చా గానీ, అది నేర్పలేకపోయా. తప్పు నాదే."

ఆ మాటకి వరప్రసాదరావు తల దించుకున్నాడు. తిట్టి ఉంటే తిరిగి అరిచేవాడే. తప్పు నాదే అంటే ఎవరైనా ఏం చేస్తారు?

ఆమె సుత్తి అతని చేతికిచ్చింది. "నా చెవి వద్దులే. కింద బండ వదిలేస్తే పైన గోడా డొల్లే పలుకుద్ది. నువ్వే కొట్టి చూడు."

తీసుకున్నాడు. పిడి ఆమె చేతి రాపిడికి నున్నగా అరిగి ఉంది. గుమ్మం దగ్గర కొట్టాడు. ఖంగుమంది. హాలు మధ్యలో కొట్టాడు. గోడ అడుగున, తల్లి కూర్చున్న పక్కనే, ఒక్కసారి కొట్టాడు.

రెండోసారి కొట్టలేదు. చీర ఉయ్యాల్లో పడుకున్ననాటి నించి అతను వింటూ పెరిగిన చప్పుళ్ళవి. నిద్రలో లేపి అడిగినా ఏది ఏదో చెప్పగలడు. నాలుగు రోజులుగా అతను సుత్తి ముట్టుకోకపోవడానికి కారణం కూడా అదే. ఇంజనీర్ని పిలిచాడు, క్యాలెండరు తెచ్చాడు, తను మాత్రం కొట్టి చూడలేదు.

క్వారీలో మొదటి సైరన్ మోగింది. రెండోది మోగితే అంటిస్తారు.

వరప్రసాదరావు లేచి కిటికీ తలుపు తీశాడు. సాంబయ్య ఇంకా కింద ఆవరణలోనే ఉన్నాడు. జెండా కర్ర పట్టుకుని ఈ కిటికీ వంకే చూస్తున్నాడు.

"సాంబయ్యా, ఆపించు."

"ఇవాళ్టికా అండీ? అసలు పడమటేపేనా?"

సాంబయ్య అడగక అడగక అడిగిన ప్రశ్న అది. వరప్రసాదరావు గేటు చూశాడు, లారీలు చూశాడు, షెడ్డులో ఖాళీగా ఉన్న నులకమంచం చూశాడు.

"అసలు పడమటేపే వద్దు. మందు తీయించెయ్."

"ఫ్యాక్టరీవాళ్ళకి ఏం చెప్పమంటారు?"

"నేను చెప్తా."

సాంబయ్య ఎర్రజెండా పైకెత్తి ఊపుతూ క్వారీ వేపు పరిగెత్తాడు. యాభై ఏళ్ళ మనిషి అంత వేగంగా పరిగెత్తడం కమలాకుమారి అంతకుముందు చూడలేదు.

* * *

నందిగామ వ్యాను నాలుగున్నరకే వచ్చింది. పాస్టరుగారూ, ఆయన భార్యా అందులోంచే దిగారు. ముందుగా గేట్లోకి వచ్చింది కమలాకుమారి అక్క పుష్పవతి. ఆవిడ కంటికి ఏదీ తప్పించుకోదు, నోటికి ఏదీ ఆగదు.

"ఇదేంటి మరిదిగారూ, షెడ్డులో జంపఖానాలు పరిచారు? పైన అంత హాలు పెట్టుకుని?"

ఒక్క క్షణం అందరూ వరప్రసాదరావు వంక చూశారు. పెయింట్లు వేయిస్తున్నామనొచ్చు. ఫ్యాన్లు పాడయ్యాయనొచ్చు. పుష్పవతి నమ్మకపోయినా మర్యాదకి ఊరుకునేది.

"ఇల్లు బీటిచ్చింది వదినగారూ" అన్నాడు అతను. "నా క్వారీ వల్లే. కింద బండని నేనే తవ్వేసుకున్నా. మా అమ్మ చెప్పినా వినకుండా బీట మీద క్యాలెండరు వేసి, మిమ్మల్నందర్నీ దాని కింద కూర్చోబెట్టబోయా. నన్ను క్షమించండి. షెడ్డులో కూర్చుందాం రండి."

నేను ఇంతసేపూ ఈ మనిషి గొప్పలు రాస్తూ వచ్చాను. లారీలు రాశాను, మేడ రాశాను, గేటు పలక మీద బంగారు రంగు అక్షరాలు రాశాను. వాటిలో ఏదీ గొప్ప కాదని ఇప్పుడు తెలుస్తోంది. గేటు దగ్గర నిలబడి ఆ నాలుగు మాటలు చెప్పాడే, అప్పుడు మాత్రం లేచి దణ్ణం పెట్టాలనిపించింది.

పుష్పవతి చెప్పులు విడిచి మారుమాట లేకుండా షెడ్డులోకి వెళ్ళింది. టైర్లు పక్కకి దొర్లించి తనే చోటు చేసింది. మిగతావాళ్ళు ఆవిడ వెనకే నడిచారు. పాస్టరుగారు వరప్రసాదరావు భుజం మీద చెయ్యి వేశారు గానీ ప్రసంగం చెయ్యలేదు. మంచి పాస్టరు ఆయన.

కిందకి దిగొచ్చిన జీవరత్నమ్మ మంచం మీద తన చోట తను కూర్చుంది. ఐదింటికల్లా పేటవాళ్ళూ వచ్చి చేరాక పాట మొదలైంది. రేకుల కింద అరవై గొంతులు కలిస్తే హాల్లో కన్నా బాగానే వినిపించింది.

వరప్రసాదరావు స్తంభానికి ఆనుకుని నిలబడి మేడని చూస్తున్నాడు. కాంట్రాక్టు పోయింది, పోనీ. ఇంక దెబ్బలుండవు. ఇల్లు నిలబడుతుంది. ఒకటి వదిలాను గనక ఒకటి దక్కుతుంది. మనసులో అలా సర్దుకుంటుంటే నాలుగు రోజుల తర్వాత మొదటిసారి ఊపిరి ఆడినట్టయింది.

పాస్టరుగారి భార్యకి ఇవ్వాల్సిన పిడికెడు బియ్యం డబ్బా కోసం కమలాకుమారి ఇంట్లోకి వెళ్ళింది. డబ్బా వంటింట్లోనే ఉంది. తీసుకుని రావలసిన మనిషి ఉండబట్టలేక నాలుగడుగులు మేడమీదికి ఎక్కి చూసింది.

తిరిగి వచ్చేటప్పుడు ఒక చంకలో డబ్బా ఉంది. రెండో చెయ్యి కొంగు కింద ఉంది. మొగుడి పక్కకి వచ్చి ఆ చెయ్యి తెరిచింది. అద్దం ముక్క రెండుగా ఉంది.

"ఇవాళ కొట్టలేదుగా" అన్నాడు అతను.

"కొట్టలేదండీ."

వరప్రసాదరావు తల్లి వంక చూశాడు. ఆమె కూడా కోడలి చేతినే చూస్తోంది. నేను చెప్పలేదా అనే చూపు కాదది. ఆమె కళ్ళల్లో నీళ్ళు నిండాయి. కొడుకు ఎంత ఇష్టపడి కట్టుకున్నాడో ఆమెకే బాగా తెలుసు.

"ఇల్లు కూడానా అమ్మా?"

జీవరత్నమ్మ మంచం మీద కాస్త పక్కకి జరిగింది.

అతను కదల్లేదు. "కమలా, తలుపులు వేసి తాళం పెట్టిరా" అన్నాడు మేడని చూస్తూనే.

"తాళం దేనికండీ, ఇంక?" అన్నది కమలాకుమారి. ఎత్తిపొడుపు లేదందులో. నిజంగానే అడిగింది.

అతను వెళ్ళి తల్లి పక్కన కూర్చున్నాడు. నులక కిర్రుమంది.

అప్పుడే గేటు బయట ఫ్యాక్టరీ జీపు వచ్చి ఆగింది. హారన్ మోగింది. ఆ హారన్ వినపడితే అన్నం ముందు నించి కూడా లేచి పరిగెత్తే మనిషి వరప్రసాదరావు. సాంబయ్య ఆదుర్దాగా వచ్చి మంచం దగ్గర వంగాడు. "దొరలొచ్చారండీ. రాయి ఎందుకు ఆగిందని అడుగుతున్నారు."

హారన్ మళ్ళీ మోగింది.

"కూర్చోమను సాంబయ్యా" అన్నాడు వరప్రసాదరావు. "పాటయ్యాక వస్తా."